నింపి చూడండి, తిరిగి చదివి చూడండి



మీ ఇంట్లో పెన్‌డ్రైవ్ ఒకటైనా ఉండే ఉంటుంది. కొందరు బీరువాలో నగల పెట్టె పక్కన దాస్తారు. కొందరు టీవీకి గుచ్చి అలాగే వదిలేస్తారు. రాజమండ్రి నుంచి భీమవరం వెళ్ళేలోపు పాటలు వినడానికి కారులో పెట్టుకున్నవాళ్ళూ ఉంటారు. ఇవాళ ఆ పెన్‌డ్రైవ్ గురించే మాట్లాడుకుందాం. అందులోనూ ఒక రకం గురించి. దాని మీద 128 జీబీ అని రాసి ఉంటుంది. కంప్యూటర్‌కి పెడితే కంప్యూటర్ కూడా ఇంచుమించు అంతే చూపిస్తుంది. లోపల చోటు మాత్రం 8 జీబీయే.

ఉన్నది 8. చెప్పేది 128. దీన్నే బజారులో డూప్లికేట్ పెన్‌డ్రైవ్ అంటున్నాం.

దీన్ని బాగు చేయవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. చేయవచ్చండి. కానీ బాగు చేసినంత మాత్రాన అది 128 అయిపోదు. నాలో ఉన్నది 8 జీబీయే అని నిజం చెప్పడం మొదలుపెడుతుంది. అంతవరకే. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ముందు నష్టం ఎలా జరుగుతుందో చూద్దాం. కోనసీమలో ఒక పెళ్ళి జరిగిందనుకోండి. పెళ్ళికూతురి మేనమామ కువైట్‌లో ఉన్నాడు. సెలవు దొరక్క రాలేకపోయాడు. స్టూడియో వాళ్ళు పెళ్ళి వీడియో ఇచ్చారు. ఆ వీడియో మేనమామకి పంపాలని ఇంట్లోవాళ్ళు కొత్త పెన్‌డ్రైవ్ ఒకటి కొన్నారు. అంతా కాపీ చేశారు. కాపీ అవుతున్నప్పుడు తెర మీద ఆకుపచ్చ గీత చివరిదాకా సాగింది. ఎక్కడా ఆగలేదు, ఏ ఎర్రరూ రాలేదు. ఫోల్డర్ తెరిచి చూస్తే పేర్లన్నీ వరసగా ఉన్నాయి. స్నాతకం, కాశీయాత్ర, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. అటు వెళ్ళే మనిషి చేతికిచ్చి పంపారు.

అక్కడ మేనమామ డ్యూటీ దిగి వచ్చి, గదిలో వాళ్ళందరినీ కూర్చోబెట్టి టీవీకి పెట్టాడు. స్నాతకం వచ్చింది. కాశీయాత్ర వచ్చింది. జీలకర్ర బెల్లం సగంలో ఆగిపోయింది. తలంబ్రాలు ఫైల్ పేరు ఉంది, దాని సైజు కూడా చూపిస్తోంది, కానీ తెరుచుకోదు. అప్పగింతలూ అంతే.

వెంటనే ఏమంటాం? వైరస్ పట్టిందంటాం. టీవీకి పడలేదంటాం. తీసుకెళ్ళేటప్పుడు పాడైందంటాం. అవేవీ కావండి. ఆ తలంబ్రాలు ఆ పెన్‌డ్రైవ్‌లోకి అసలు వెళ్ళనే లేదు. పేరు వెళ్ళింది. బొమ్మ వెళ్ళలేదు.

మన గోదావరి జిల్లాల్లో ఈ నష్టం బరువు ఎక్కువ. 1986 ఆగస్టు వరద చూసిన ఊళ్ళు మనవి. 1996 నవంబరు తుపాను చూసిన ఇళ్ళు మనవి. ఎన్నో ఆల్బమ్‌లు ఆ నీళ్ళలో పోయాయి. మిగిలిన ఒకటో రెండో ఫొటోలని పిల్లలు జాగ్రత్తగా స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంటారు. పద్యనాటకాలు ఆడిన తాతగారి గొంతు ఏ పాత క్యాసెట్‌లోనో ఉంటుంది. దాన్ని ఎంపీత్రీ చేయించి, ఇక ఎందుకులే అని క్యాసెట్ పారేసి ఉంటారు. నాకు భయం అక్కడేనండి. పాటలు పోతే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. తాతగారి పద్యం పోతే ఎక్కడ తెచ్చుకుంటాం?

సరే, కంప్యూటర్‌కి కూడా ఈ మోసం ఎందుకు తెలియదు? పెన్‌డ్రైవ్ పైన ప్లాస్టిక్ తొడుగు తీస్తే చిన్న పచ్చటి పలక కనిపిస్తుంది. మామూలుగా దాని మీద రెండు నల్లటి చిప్పులుంటాయి. ఒకటి మెమరీ చిప్. మన ఫొటోలు ఉండేది అందులో. రెండోది కంట్రోలర్. కంప్యూటర్‌తో మాట్లాడేది ఇది. కంప్యూటర్ మెమరీని నేరుగా చూడలేదు. కంట్రోలర్‌నే అడుగుతుంది, నీ దగ్గర ఎంత చోటుందని. అది ఏం చెబితే కంప్యూటర్ అదే నమ్ముతుంది. నమ్మక తప్పదు, వేరే దారి లేదు.

మనకి తెలిసిన ధాన్యం గోదాము లెక్కలో చెబుతాను. గోదాములో పట్టేది 800 బస్తాలు. గుమస్తా మాత్రం రిజిస్టరులో 12,800 పడతాయని రాసుకున్నాడు. లారీలు వస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతి బస్తానీ రిజిస్టరులో ఎక్కిస్తున్నాడు. 800 నిండాక ఏం చేస్తాడు? వచ్చిన బస్తాని పెరటి గుమ్మంలోంచి బయట పారేస్తాడు. లేకపోతే మొదట వచ్చిన బస్తాల్ని తీసి పారేసి, వాటి స్థానంలో కొత్తవి వేస్తాడు. రిజిస్టరు మాత్రం నిండుగా, శుభ్రంగా ఉంటుంది. యజమాని రిజిస్టరు చూసి నిశ్చింతగా ఉంటాడు. మిల్లుకి తోలదామని తలుపు తీసిన రోజున తెలుస్తుంది.

ఆ గుమస్తాయే కంట్రోలర్. పెన్‌డ్రైవ్‌లో కూడా రిజిస్టరు ఉంటుందండి. ఫైళ్ళ పేర్లు, సైజులు రాసుకునే పట్టిక అది. అది డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది, నిజంగా ఉన్న చోట్లోనే ఉంటుంది. అందుకే మామూలుగా పేర్లు చెక్కు చెదరవు. కొన్ని డూప్లికేట్ డ్రైవ్‌లు ఎక్కువైన డేటాని మౌనంగా వదిలేస్తాయి. కొన్ని వెనక్కి తిరిగి వచ్చి మొదట దాచిన వాటి మీదే రాసేస్తాయి. ఈ రెండో రకం మరీ ప్రమాదం. ఇవాళ మీరు కొత్తగా ఎక్కించిన పాట, నిరుడు దాచుకున్న ఫొటోని తుడిచేస్తుంది.

కంట్రోలర్ అనేది మోసం కోసం పుట్టింది కాదు. ఏ మెమరీ చిప్‌లోనైనా ఎక్కడో ఒకచోట పనికిరాని గదులు ఉంటాయి. మంచి కంపెనీ చిప్‌లోనూ ఉంటాయి. ఆ గదుల్ని కనిపెట్టి, వాటిలో డేటా పడకుండా చూడడం కంట్రోలర్ బాధ్యత. 2013 డిసెంబరులో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక సదస్సు జరిగింది. ఆండ్రూ హువాంగ్, షాన్ క్రాస్ అనే ఇద్దరు ఇంజనీర్లు అక్కడ మెమరీ కార్డు లోపలి సంగతులు విప్పి చెప్పారు. ప్రతి చిప్‌నీ పూర్తిగా పరీక్షించడానికి అయ్యే ఖర్చు కంటే, ఒక చిన్న కంట్రోలర్ పెట్టి లోపాల్ని సర్దుకోవడం చవక అన్నారు. అంటే మెమరీ కార్డులోనూ, పెన్‌డ్రైవ్‌లోనూ ఉన్నది ఒక చిన్న కంప్యూటర్. దానికి ఒక ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. మోసగాళ్ళు ఆ ఫర్మ్‌వేర్‌ని మారుస్తారు. 8 అని ఉన్నచోట 128 అని రాస్తారు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీల్లో రోజూ వాడేదే.

ఇది మన బజారులో మాత్రమే ఉన్న జబ్బు అనుకోకండి. 2022లో అమెరికాలో ఒక పెట్టె గురించి చాలా చర్చ జరిగింది. 30 టెరాబైట్ల ఎస్‌ఎస్‌డీ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. విప్పి చూస్తే, లోపల జిగురుతో అతికించిన రెండు చిన్న మెమరీ కార్డులున్నాయి. ఆ మరుసటి ఏడాది స్టీవ్ గిబ్సన్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఒకటి, రెండు టెరాబైట్ల పెన్‌డ్రైవ్‌లు ఒక డజను కొన్నాడు. పేరున్న ఆన్‌లైన్ దుకాణంలోనే కొన్నాడు. పరీక్షిస్తే డజనుకి డజనూ నకిలీవే. కాబట్టి పెద్ద దుకాణంలో కొన్నాం కదా, ప్యాకింగ్ బాగుంది కదా, మంచి కంపెనీ పేరుంది కదా అని ధైర్యపడకండి. 2 టెరాబైట్ల పెన్‌డ్రైవ్ మూడు నాలుగు వందల రూపాయలకి ఇస్తున్నారంటే, అది 2 టెరాబైట్లు కాదు. ఆ ఒక్క విషయంలో సందేహం పెట్టుకోనక్కర్లేదు.

మరి తెలుసుకోవడం ఎలా? కంప్యూటర్ చూపించే సైజు నమ్మకూడదు. ఫార్మాట్ కొట్టి చూసి లాభం లేదు. ఫార్మాట్ అయ్యాక కూడా 128 అనే చూపిస్తుంది, ఎందుకంటే ఫార్మాట్ కూడా కంట్రోలర్ మాటనే నమ్ముతుంది. పూర్తిగా నమ్మదగిన దారి ఒక్కటే. నింపి చూడండి, తిరిగి చదివి చూడండి. మళ్ళీ చెబుతున్నాను. డ్రైవ్ అంచుదాకా నింపాలి. నింపినదంతా తిరిగి చదవాలి. రాసిందే వస్తే మంచిది. రాకపోతే నకిలీ.

ఈ పని చేసిపెట్టే ప్రోగ్రాంలు ఉచితంగా దొరుకుతాయి. విండోస్ కంప్యూటర్‌కి ఒకటుంది. పేరు నెమ్మదిగా చెబుతాను, రాసుకోండి. హెచ్, 2, టెస్ట్, డబ్ల్యూ. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ. జర్మనీలో ఒక కంప్యూటర్ పత్రిక తరఫున హరాల్డ్ బోగెహోల్ట్స్ అనే ఆయన తయారుచేశాడు. చాలా పాతది, ఇప్పటికీ నమ్మకమైనది. ఇది డ్రైవ్‌ని ఫైళ్ళతో నింపుతుంది, తరవాత ఒక్కొక్కటే చదివి సరిచూస్తుంది. చివర్లో ఎంత బాగుందో, ఎంత పోయిందో చెబుతుంది. లైనక్స్ వాడేవాళ్ళకి ఎఫ్3 అని ఇంకొకటుంది. దాన్ని రాసిన మిషెల్ మషాడో 2010లో ఫోన్ కోసం 32 జీబీ మెమరీ కార్డు కొన్నాడు. నింపినప్పుడల్లా అది చెడిపోతోంది. సంగతేమిటో తేల్చడానికి కూర్చుని ఈ ప్రోగ్రాం రాశాడు. మోసపోయిన మనిషి ఊరుకోకుండా అందరికీ పనికొచ్చే పరికరం చేసి ఉచితంగా ఇచ్చేశాడు. ఆయనంటే నాకు చాలా గౌరవం.

ఒక జాగ్రత్త. పూర్తి పరీక్షకి గంటలు పడుతుంది. పెద్ద సైజు చెప్పే డ్రైవ్ అయితే రోజులూ పట్టవచ్చు. అంత ఓపిక లేకపోతే స్టీవ్ గిబ్సన్ చేసిన వాలిడ్రైవ్ అనే ప్రోగ్రాం ఉంది. డ్రైవ్ పొడవునా 576 చోట్ల మాత్రం తట్టి చూస్తుంది. త్వరగా తేలిపోతుంది. ఏ పరీక్షయినా డ్రైవ్‌లో ముఖ్యమైనవి ఏవీ లేనప్పుడే చేయండి. కొన్న రోజునే చేస్తే ఇంకా మంచిది.

కంప్యూటర్ గురించి ఏమీ తెలియనివాళ్ళు ఏం చేయాలి? మీరూ చేయవచ్చండి. కొత్త డ్రైవ్‌లో చోటు అయిపోయేదాకా సినిమాలో, పాటలో ఏవో ఒకటి కాపీ చేయండి. తరవాత డ్రైవ్ తీసేయండి. తప్పకుండా తీసేయండి, ఎందుకంటే కాపీ చేయగానే తెరిస్తే కంప్యూటర్ తన సొంత జ్ఞాపకంలోంచి చూపించవచ్చు. తీసి, మళ్ళీ పెట్టి, చిట్టచివర కాపీ చేసిన ఫైల్ తెరవండి. మధ్యలోది ఒకటి తెరవండి. మొట్టమొదటిది కూడా తెరవండి. మూడూ చివరిదాకా ఆడాలి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అంత గట్టి పరీక్ష కాకపోయినా, పెద్ద అబద్ధం ఇందులోనూ బయటపడుతుంది.

ఇక్కడ దుకాణదారుల తరఫున ఒక మాట చెప్పాలి. 64 జీబీ డ్రైవ్ కొంటే కంప్యూటర్ 59 చిల్లర చూపిస్తుంది. అది మోసం కాదు. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. తేడా అక్కడ వస్తుంది. అలాగే 4 జీబీ దాటిన ఒకే పెద్ద ఫైల్ కొన్ని డ్రైవ్‌లలోకి ఎక్కదు. అదీ మోసం కాదు. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది, ఎక్స్‌ఫ్యాట్‌కి మారిస్తే సరిపోతుంది. నిదానంగా పనిచేసే డ్రైవ్ అన్నంత మాత్రాన నకిలీ కాదు. ఈ తేడాలు తెలియక దుకాణం ముందు గొడవపడేవాళ్ళని చూస్తుంటాం.

ఇప్పుడు బాగు చేయడం. మీ దగ్గర నకిలీ డ్రైవ్ ఉంది, అందులో మీ ఫొటోలు ఉన్నాయి. మొదటి పని ఏమిటంటే, అందులో ఇంకేమీ రాయకండి. కొత్త ఫైల్ వద్దు, ఫార్మాట్ వద్దు. స్కాన్ అండ్ ఫిక్స్ అని కంప్యూటర్ అడుగుతుంది. వద్దనండి. ముందు అందులో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఒక్కొక్కటీ తెరిచి చూసుకోండి. తెరుచుకున్నది దక్కింది.

ఆ తరవాతే పరీక్ష. నిజం సైజు ఎంతో తేల్చుకోండి. 8 అని తేలిందనుకోండి. ఇప్పుడు చేయగలిగిన సులువైన మరమ్మతు ఒకటుంది. డ్రైవ్‌లో పాత విభజన తీసేసి, మొదటి 8 జీబీలోపు మాత్రమే ఒక భాగం కట్టడం. ఆ భాగాన్ని కంప్యూటర్ భాషలో పార్టిషన్ అంటారు. అంచుదాకా పోకుండా ఏడు, ఏడున్నర దగ్గర ఆపండి. మిగతాది ఖాళీగా వదిలేయండి. అప్పటినుంచి కంప్యూటర్ ఆ భాగంలోనే రాస్తుంది. ఎఫ్3లో ఇందుకు వేరే ప్రోగ్రామే ఉంది. విండోస్‌లో డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాంతో చేయవచ్చు. డిస్క్‌పార్ట్ వాడేటప్పుడు ఏ డిస్క్ ఎంచుకున్నామో రెండుసార్లు చూసుకోవాలి. పొరపాటున కంప్యూటర్ హార్డ్ డిస్క్ ఎంచుకుంటే అంతా పోతుంది.

ఈ మరమ్మతుకి ఒక బలహీనత ఉంది. లోపల కంట్రోలర్ మారలేదు. అది ఇంకా 128 అనే అంటోంది. మనం హద్దు గీశామంతే. ఎవరైనా తెలియక ఆ హద్దు చెరిపేసి కొత్తగా విభజన చేస్తే పాత అబద్ధం తిరిగొస్తుంది. మెమరీ కార్డు అయితే కెమెరాలో పెట్టి ఫార్మాట్ కొట్టినా అలా జరగవచ్చు.

రెండో మరమ్మతు లోతైనది. కంట్రోలర్‌లో ఫర్మ్‌వేర్‌నే మళ్ళీ రాయడం. మోసగాడు ఏ పరికరంతో అబద్ధం రాశాడో, అదే పరికరంతో నిజం రాయడం. ముందు లోపల ఏ కంపెనీ కంట్రోలర్ ఉందో కనిపెట్టాలి. చిప్‌జీనియస్ లాంటి ప్రోగ్రాం అది చెబుతుంది. తరవాత సరిగ్గా ఆ కంట్రోలర్‌కే సరిపడే ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ వెతకాలి. అది మెమరీని మూలమూలనా పరీక్షించి, పనికిరాని గదుల్ని పక్కనపెట్టి, నిజమైన సైజు రాస్తుంది. తప్పు వెర్షన్ వాడితే డ్రైవ్ ఇక లేవదు. ఆ సాఫ్ట్‌వేర్ దొరికే వెబ్‌సైట్లు కొన్నింటిలో వైరస్‌లు కూడా ఉంటాయి. అందుకని ఇది చేయి తిరిగిన మెకానిక్ చేయవలసిన పని. మీరు చేయాలనుకుంటే, విలువైనదేమీ లేని పాత కంప్యూటర్ మీద చేయండి. అయ్యాక మళ్ళీ అదే మాట. నింపి చూడండి, తిరిగి చదివి చూడండి.

ఇంత శ్రమ పడ్డాక ఏం మిగులుతుంది? ఒక 8 జీబీ డ్రైవ్. దాని తొడుగు మీద 8 అని చెరగని మార్కర్‌తో రాయండి, ఇంట్లో పిల్లలకి తెలియాలి కదా. అయితే ఇలాంటి వాటిలో తరచుగా ఫ్యాక్టరీ పక్కన పడేసిన నాసిరకం చిప్పులు వాడతారు. నిజం చెప్పడం నేర్పాం గానీ, ఆయుష్షు పెంచలేం. కారులో పాటలకి వాడుకోండి. జిరాక్స్ సెంటర్‌కి ఒక ఫైల్ తీసుకెళ్ళడానికి వాడుకోండి. 2027 గోదావరి పుష్కరాల్లో అమ్మానాన్నలతో తీసుకోబోయే ఫొటోలు మాత్రం అందులో దాచకండి. ఆ మాటకొస్తే మంచి పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక్కదాంట్లోనే దాచకండి. ఇంకోచోట ఇంకో కాపీ ఉండాలి.

చిన్న మొబైల్ దుకాణాలు నడిపే తమ్ముళ్ళకి ఒక విన్నపం. మీరు హోల్‌సేల్‌లో డబ్బాలకి డబ్బాలు తెచ్చుకుంటారు. చాలాసార్లు మోసపోయేది ముందు మీరే. ప్రతి డబ్బాలోంచి ఒక డ్రైవ్ తీసి రాత్రి దుకాణం కట్టేటప్పుడు పరీక్షకి పెట్టండి. పొద్దున వచ్చేసరికి, మామూలు సైజుదైతే, ఫలితం వచ్చేస్తుంది. నకిలీ అని తేలితే ఆ డబ్బా వెనక్కి పంపేయండి. ఎవరి పెళ్ళి వీడియోనో కాపాడినవాళ్ళవుతారు.

కొనేవాళ్ళు బిల్లు అడగండి. బిల్లు ఉంటే హక్కు ఉంటుంది. వస్తువులో లోపం ఉన్నా, చెప్పింది కాక వేరేది ఇచ్చినా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అడగవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నవాటికీ ఇది వర్తిస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. మళ్ళీ చెబుతున్నాను, 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళవలసి వచ్చినా, 5 లక్షల లోపు విలువ ఉన్న వాటికి ఫిర్యాదు రుసుము లేదు. పరీక్ష ఫలితం తెర మీద ఉన్నప్పుడే దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

చివరిగా, పోయిన ఫొటోలు తెప్పించగలరా అని అడిగేవాళ్ళకి. పొరపాటున డిలీట్ చేసిన ఫైల్‌ని తిరిగి తెచ్చే అవకాశం కొంత ఉంటుంది. కానీ నకిలీ డ్రైవ్ రాయకుండా వదిలేసినదైనా, కొత్తదాన్ని పైన రాసి తుడిచేసినదైనా ఇక ఎక్కడా లేదు. ఎవరికి ఎంత డబ్బిచ్చినా రాదు. తెప్పిస్తాం అని ముందే డబ్బు అడిగేవాళ్ళని నమ్మకండి. వెతకవలసింది ఆ డ్రైవ్‌లో కాదు. మొదట ఎక్కడినుంచి కాపీ చేశారో అక్కడ వెతకండి. కెమెరా కార్డులో ఉండవచ్చు. పాత ఫోన్‌లో ఉండవచ్చు. ఆ పెళ్ళికి వచ్చిన చుట్టాల వాట్సాప్‌లో ఉండవచ్చు. అన్నిటికంటే ముందు స్టూడియో వాళ్ళ హార్డ్ డిస్క్‌లో ఉండవచ్చు. వాళ్ళు కొన్నాళ్ళు ఉంచుతారు, తరవాత వచ్చే సీజన్ పెళ్ళిళ్ళకి చోటు కావాలి కాబట్టి తీసేస్తారు. అందుకని మీ పెన్‌డ్రైవ్ మీద ఏ కాస్త అనుమానం ఉన్నా ఇవాళే చివరి ఫైల్ తెరిచి చూడండి. తెరుచుకోకపోతే రేపటిదాకా ఆగకుండా స్టూడియోకి ఫోన్ చేయండి.